మద్య నిషేధానికి పడిన ఓటు ఎవరిది?

రవి_ఒంగోలు | శనివారం రాత్రి 8:50

నిన్న టీవీ చర్చలో ఒకాయన తేల్చి చెప్పేశాడు. మన రెండు రాష్ట్రాల్లో సంప్రదాయవాద ఓటరు అనేవాడే లేడట. కులం చూసి వేస్తారు, పథకం చూసి వేస్తారు, ఇంకేం లేదట. నాకు మింగుడు పడక ఇక్కడ పెడుతున్నాను.

అమెరికాలో గర్భస్రావం మీద ఏ రాష్ట్రంలో ఎవరు ఎటు వేశారో పూసగుచ్చినట్టు చెబుతారు. మన దగ్గర అలాంటి మంచిచెడ్డల ప్రశ్న పోలింగ్ బూత్ దాకా వచ్చింది ఒక్కటే, మందు. 1994లో వచ్చింది. 2019లో వచ్చింది. 2024లో తిరగబడి వచ్చింది. "తాగుడు పాపం, ప్రభుత్వం దాన్ని అమ్మకూడదు" అని నమ్మే జనం మా అమ్మమ్మ తరంలో లక్షల్లో ఉన్నారు. వాళ్లని సంప్రదాయ ఓటర్లు అనకపోతే ఇంకేమనాలి? ఆ ఓటుకు బలం ఉందా, ఉంటే ఇప్పుడు ఎక్కడికి పోయింది? తెలిసినవాళ్లు రాయండి. పార్టీల తిట్లు మాత్రం వద్దు.

---

లెక్కల_మాస్టారు | రాత్రి 9:25

రవీ, ముందు అంకెలు చూద్దాం, తర్వాత వాదించుకుందాం.

1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ చేసింది కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం. ఏడాది తిరిగాక 1994 డిసెంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 294 సీట్లలో 26 వచ్చాయి. సారా ఒక్కటే కాదు, మొత్తం మద్యమే లేకుండా చేస్తానన్న ఎన్టీఆర్‌కు 216. డిసెంబర్ 12న ప్రమాణం చేసిన చోటే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. సారాను పొట్లాల్లో పోసి ఊరూరికీ చేర్చిన ప్రభుత్వ పథకం వారుణి వాహిని ఆయన తొలి హయాంలోనే వచ్చిందని అప్పటి ఆడవాళ్లందరికీ తెలుసు. తెలిసే వేశారు. సారా ఆపినవాళ్లకు కాకుండా, ఇంకా చేస్తామన్నవాళ్లకు ఓటు పడింది.

ఇక్కడిదాకా రవి మాటే నిజమనిపిస్తుంది. తర్వాతది చూడండి. 1995 సెప్టెంబర్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. ఖజానా ఖాళీ. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో నిషేధం ఎత్తేశారు. పాపం పుణ్యం చూసి ఓటేసే జనమే అంత బలంగా ఉంటే 1999లో ఆయన మట్టి కరవాలి. 180 సీట్లతో గెలిచారు.

నిషేధం తెస్తానంటే ఓటు వచ్చింది, తీసేస్తే పోలేదు. అలాంటి ఓటును నమ్మకం మీద పడిన ఓటు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

---

సుగుణ_పెన్నాతీరం | రాత్రి 10:10

మాస్టారూ, మీ అంకెల్లో తప్పు లేదు. నేను ఆ అంకెల లోపల ఉన్నదాన్ని, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1991లో నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం. నాకు 22 ఏళ్లు. ఆత్మకూరు వైపు ఒక ఊళ్లో రాత్రి బడి నాకు అప్పగించారు. ఇరవై ఆరుగురు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. అందరూ కూలికి పోయేవాళ్లే. నాట్లేసి, పొయ్యి మీద కుండ దించి, పిల్లల్ని పడుకోబెట్టి, తొమ్మిదింటికి లాంతరు దగ్గర చేరేవాళ్లు. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది, తాగుడు వల్ల నలిగిపోయిన ఇంటి కథ. ఆ పాఠం వచ్చినరోజు ఎవరూ అక్షరాలు దిద్దలేదు. అందరూ మాట్లాడారు. అప్పటిదాకా వాళ్ల నోట అంత మాట నేను వినలేదు.

మరుసటిరోజు ఒకామె నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. తలుపు వెనక గోడ చూపించింది. బొగ్గుతో గీతలు. మొగుడు తెచ్చుకున్న పొట్లానికి ఒక గీత. చదువు రాకముందు నుంచే గీస్తోంది. ఆ నెలవి ఇద్దరం లెక్కపెడితే 43 వచ్చాయి. "అమ్మయ్యా, ఈ గీతలన్నీ బియ్యం చేస్తే ఎన్ని శేర్లు అవతాయో పలక మీద రాసి చూపించు" అనింది. రాశాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పలక చెరపనివ్వలేదు, అట్లాగే తీసి అటక మీద పెట్టుకుంది.

రవీ, ఆమె ఒక్కసారి కూడా పాపం అనలేదు నాయనా. దేవుడి పేరు ఎత్తలేదు. మగవాళ్లకు ఇంత కూలి అంటే, ఆడవాళ్లకు అందులో సగం. మగవాడి కూలి సారా కొట్టులోనే ఆగిపోతే ఇల్లు నడిచేది ఆ సగం మీద. కొట్టు కూడా ఎక్కడో ఉండేది కాదు, కూలి ఇచ్చే దారిలోనే ఉండేది. నీళ్ల ట్యాంకరు రాని ఊరికి సారా జీపు మటుకు వచ్చేది.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, మిగతా ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా ఆపించేశారు. ఆ సంగతి 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠంగా తర్వాత వాచకంలోకి ఎక్కింది. అది చదివిన ఊళ్లన్నీ లేచాయి. 1992లో నెల్లూరులో సారా అమ్మే హక్కుకు వేలం పాట పెట్టడానికి అధికారులు ఎన్నిసార్లు తేదీ వేస్తే అన్నిసార్లు ఆడవాళ్లు వెళ్లి ఆపించారు. లారీ ఎక్కి, చీపురు పట్టుకొని. నేనూ వెళ్లాను.

1994లో మా ఊరి ఆడవాళ్లు ఓటేసింది పలక మీది ఆ లెక్కకు.

---

రవి_ఒంగోలు | రాత్రి 10:32

అక్కా, చదివి కాసేపు అట్లాగే కూచుండిపోయాను. కానీ ఒక్కమాట అడగనివ్వండి. తాగినవాళ్లకు గుండు కొట్టించి, గాడిద మీద ఊరేగించారని అప్పటి పేపర్లలో వచ్చింది కదా. అది కూలి లెక్కేనా? అది శిక్ష కదా, పరువు తీయడం కదా?

---

సుగుణ_పెన్నాతీరం | రాత్రి 10:51

జరిగింది. మా పక్క ఊళ్లో నా కళ్ల ముందే జరిగింది. గుండు కొట్టించుకున్న మనిషి పాలేరు. ఆ ఊళ్లో సారా వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు మాత్రం మరుసటిరోజు కూడా తెల్ల చొక్కాతో రచ్చబండ మీదే కూచున్నాడు. ఆ రోజు నుంచి నాకు ఆ పద్ధతి అంటే గిట్టలేదు, మా వాళ్లకూ అదే చెప్పాను. నీతి పేరుతో కర్ర లేస్తే ముందు తగిలేది అందరికంటే తక్కువ కూలివాడికే. ఆ ముక్క నువ్వు అడిగినందుకు మంచిదయింది.

---

సూర్యాపేట_గౌడ్ | రాత్రి 11:15

సుగుణక్కా, దండం. మీరు గోడ మీది గీతలు చెప్పిండ్రు, నేను చెట్టు మీది సంగతి చెప్త.

మాది గీత వృత్తి, చెట్టెక్కి కల్లు తీసుడు. మా నాయిన అరవై ఏండ్లదాంక తాటి చెట్లు ఎక్కిండు. మోకు, ముస్తాదు ఇంకా ఇంట్ల గోడకు తల్గేసే ఉన్నయి. నీతి ఓటు, సంప్రదాయం ఓటు అని మీరు అంటుంటె మా అసుంటోళ్లకు గుండెల దడ వుడ్తది. ఎందుకంటే నిషేధం అని ఎవలన్నా అన్నరంటే ఫస్ట్ మా మెడ మీద కత్తి పడ్తది. అసలు తాగుబోతును జేసే సారా కంపెనీలు, విస్కీ ఫ్యాక్టరీలు ఎట్లనో అట్ల బతుకుతయి. చెట్టు నమ్ముకున్నోడు ఏడికి పోవాలె?

మా గీత కార్మికుల సభల్ల పెద్దలు ఒక ముచ్చట తప్పకుండ చెప్తరు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగ ఏర్పడ్డప్పుడు, కర్నూలు రాజధాని ఉన్నప్పుడు, మద్రాసు కాలం నాటి మద్యనిషేధం చట్టమే అక్కడ నడిచేది. అప్పుడు మాది హైదరాబాద్ రాష్ట్రం, మాకు ఆ చట్టం లేదు. అక్కడి గీత కార్మికులు అన్నానికి లేక సత్యాగ్రహం జేసిండ్రు, ముందు నిలవడ్డది గౌతు లచ్చన్న. నిషేధం తీసెయ్యుండ్రని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు సర్కారు వినలె. 1954 నవంబర్ల అవిశ్వాసం పెడితె ఒక్క ఓటుతోని సర్కారు కూలింది. ఆంధ్ర కేసరి అన్నంతటి మనిషి, కల్లు మీద కూలిండు.

గా ముచ్చట ఎందుకు చెప్తున్ననంటే, మందు మీద ఓటు అంటె నిషేధం కావాలన్న ఓటు ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నరు. వద్దన్న ఓటు గూడ ఉన్నది. మాకు 1995ల కల్లుకు మినహాయింపు దొరికింది ఊరికెనే కాదు, ఊరూరికి మా ఓట్లు ఉన్నయి కాబట్టి. 2004 తర్వాత హైదరాబాద్‌ల కల్లు కాంపౌండ్లు మూసేసిండ్రు. తెలంగాణ వచ్చినంక 2014ల మల్ల తెరిసిండ్రు. రెండూ ఓటు లెక్కలే.

అక్కా, మీ మీద కోపం లేదు. గుడుంబతోని మా వాడకట్టుల ముగ్గురు పోయిండ్రు, అందుల ఒకడు నా దోస్తు. కానీ తాగుడు వేరు, వృత్తి వేరు. నిషేధం రాసేటోళ్లు గా రెండింటిని ఇడదీసి రాయాలె.

---

రాజు_ఐజ్వాల్ | ఆదివారం ఉదయం 6:40

మాది తుని. ఏడేళ్లు మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో ఉద్యోగం చేశాను, ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయి. నిఖార్సయిన సంప్రదాయ ఓటు ఎలా ఉంటుందో చూడాలంటే మిజోరం చూడాలి. అది చూశాక మన 1994 వేరే సంగతని నాకు అర్థమైంది.

అక్కడ జనాభాలో 87 శాతం క్రైస్తవులు. చర్చి ఆదివారం ప్రార్థనతో సరిపెట్టుకోదు. ఎన్నికలు వస్తే మిజోరం పీపుల్ ఫోరం అని చర్చిల చొరవతో పుట్టిన సంస్థ పార్టీలన్నిటితో ఒప్పందం రాయించుకుంటుంది. విందులు పెట్టకూడదు, డబ్బు పంచకూడదు, బ్యానర్లు ఇన్నే కట్టాలి. ఒక నియోజకవర్గంలో అలాంటి సభకు నేను వెళ్లాను. ఒకే వేదిక మీద అన్ని పార్టీల అభ్యర్థులూ పక్కపక్కన కూచున్నారు. తలా ఇన్ని నిమిషాలు. గంట కొట్టగానే కూచోవాలి. కింద ముసలివాళ్లు శాలువాలు కప్పుకొని బడిపిల్లల్లా వింటున్నారు. ఈలలు లేవు, జిందాబాద్‌లు లేవు. తూర్పుగోదావరి ఎన్నికలు చూసి పెరిగినవాణ్ణి, నాకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

2023 డిసెంబర్‌లో అయిదు రాష్ట్రాల ఓట్ల లెక్కింపు ఆదివారం, 3వ తేదీన పెట్టారు. ఆదివారం మాకు పవిత్రం, ఆ రోజు వద్దని చర్చిలు, పార్టీలు, సంఘాలు అన్నీ ఒక్కమాట మీద నిలిచాయి. ఎన్నికల సంఘం మిజోరం ఒక్కదానికే లెక్కింపు సోమవారానికి మార్చింది. మన తెలంగాణ ఫలితం ఆదివారం వచ్చింది, వాళ్లది మర్నాడు. సంప్రదాయ ఓటరు బలం ఏమిటని అడిగితే నేను చూపించేది ఇదే.

మందు సంగతికొస్తే, 1997 నుంచి అక్కడ నిషేధం ఉంది. కాంగ్రెస్ ప్రభుత్వం 2014లో చట్టం మార్చి 2015లో దుకాణాలు తెరిచింది. చర్చి ఒప్పుకోలేదు. అక్కడి ప్రాంతీయ పార్టీ మిజో నేషనల్ ఫ్రంట్ (ఎంఎన్‌ఎఫ్) మళ్లీ నిషేధం తెస్తామంది. 2018 ఎన్నికల్లో 40 సీట్లకు ఎంఎన్‌ఎఫ్‌కు 26, కాంగ్రెస్‌కు 5. అంతకుముందు కాంగ్రెస్‌వి 34. 2019లో నిషేధం మళ్లీ వచ్చింది. పదేళ్ల పాలన మీద విసుగు కూడా అందులో ఉంది, అంతా మందు ఖాతాలో వెయ్యను. ఎందుకంటే నిషేధం తెచ్చిన ఎంఎన్‌ఎఫ్ కూడా 2023లో ఓడింది, జోరం పీపుల్స్ మూవ్‌మెంట్ (జెడ్‌పీఎం) అనే మరో స్థానిక పార్టీ 27 సీట్లతో వచ్చింది. వాళ్లు కూడా నిషేధం ఎత్తేసే సాహసం చేయలేదు. స్థానిక పంటలతో చేసే వైను, బీరు వరకు 2025లో చట్టం సడలించారు, దాని మీదే సభలో పెద్ద వాదన నడిచింది.

మాస్టారు అడిగినదానికి నాకు తోచే జవాబు ఇక్కడుంది. అక్కడ ఓటు అయిపోయాక కూడా అడిగేవాళ్లు ఉన్నారు. ప్రతి ఊళ్లో చర్చి ఉంది, యువజన సంఘం ఉంది, మహిళా సంఘం ఉంది. ఏ మంత్రి అయినా వచ్చే ఆదివారం వాళ్ల మధ్యే కూచోవాలి. మనకు 1994 తర్వాత అలా అడిగే చోటు ఏది?

---

అనూష_కొచ్చి | ఉదయం 8:05

రాజు గారి మాటకు కేరళ నుంచి ఒక అడ్డు ప్రశ్న. ఇక్కడా చర్చి ఉంది, గట్టిగానే ఉంది. 2014లో ఊమెన్ చాందీ ప్రభుత్వం ఫైవ్ స్టార్ హోటళ్లవి తప్ప బార్లన్నీ మూయించింది. బిషప్పులు మెచ్చుకున్నారు. 2016లో అదే కూటమి ఓడిపోయి వామపక్ష కూటమి ఎల్‌డీఎఫ్‌కు 91 సీట్లు వచ్చాయి. బార్ల లంచం కేసు మీదే ఆర్థిక మంత్రి అంతకుముందే రాజీనామా చేయాల్సివచ్చింది. మూయించడంలో కూడా బేరం ఉందని జనం అనుకుంటే, ఆ నిర్ణయం ఎంత మంచిదైనా ఓటు తేదు. 2017లో కొత్త ప్రభుత్వం సడలించింది, 2021లో మళ్లీ గెలిచింది. చర్చి ఉండటం ఒక్కటే సరిపోదు రాజు గారూ.

---

లెక్కల_మాస్టారు | ఉదయం 8:30

అనూష గారూ, సరైన చోట పట్టుకున్నారు. తమిళనాడు కూడా కలపండి. 2016లో డీఎంకే సంపూర్ణ నిషేధం అంది, జయలలిత దశలవారీ అన్నారు. ఇద్దరూ అదే మాట చెబితే ఓటరుకు ఎంచుకోవడానికి ఏం మిగులుతుంది? ఆమె గెలిచి మొదటిరోజు 500 దుకాణాలు మూసే ఆదేశం మీద సంతకం పెట్టారు. అక్కడ మందు అమ్మే ప్రభుత్వ సంస్థ టాస్మాక్ ఇవాళ్టికీ ఉంది.

హర్యానాలో బన్సీలాల్ 1996లో నిషేధం హామీతో గెలిచారు, 1998లో తానే ఎత్తేశారు. మన కథే, ఒక ఏడాది వెనక.

---

శ్రీను_దానాపూర్ | ఉదయం 10:20

అందరూ బీహార్‌ను వదిలేశారు. రైల్వేలో పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను, మాది పలాస.

2015 జులైలో పట్నాలో మహిళల సభలో ముఖ్యమంత్రి నీతీశ్ మాట్లాడుతుంటే వెనక నుంచి ఆడవాళ్లు మందు ఆపమని అరిచారు. గెలిస్తే ఆపుతానని అక్కడికక్కడే మాటిచ్చారు. 2016 ఏప్రిల్‌లో ఆపారు. 2020లో మగవాళ్లు 55 శాతం లోపు ఓటేస్తే ఆడవాళ్లు దాదాపు 60 శాతం వేశారు. 2025లో ఇంకా ఎక్కువ, ఆడవాళ్లు 71 శాతం దాటారు, మగవాళ్లు 63కి అటూఇటూ. నీతీశ్ ఉన్న ఎన్‌డీఏకు 243 సీట్లలో 202. నేను వస్తే గంటలో నిషేధం ఎత్తేస్తానన్న ప్రశాంత్ కిశోర్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. మాస్టారూ, తెచ్చిన నిషేధాన్ని తొమ్మిదేళ్లు తీయకుండా ఉంచి మళ్లీ మళ్లీ గెలిచిన రాష్ట్రం ఇది. మీ సూత్రం ఇక్కడ నిలవదు.

అయితే రెండు విషయాలు నిజాయితీగా చెప్పాలి. ఒకటి, 2025 ఎన్నికల ముందు ఆడవాళ్ల ఖాతాల్లో పదివేల రూపాయలు పడ్డాయి. మందు ఎంత, ఆ డబ్బు ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు. మగవాళ్లలో చాలామంది పంజాబ్, గుజరాత్, మన హైదరాబాద్‌లో పనుల మీద ఉండి ఓటుకు రాలేకపోతారు, శాతాల్లో తేడాకు అదీ కారణం. రెండు, నిషేధం ఉన్నా మందు దొరుకుతుంది. 2022 డిసెంబర్‌లో ఛప్రా వైపు కల్తీ సారా తాగి 70 మందికి పైగా పోయారు. మా క్వార్టర్స్‌లో ఊడ్చే ఆవిడ అన్న అందులో ఒకడు. ఆమె నాలుగు రోజుల తర్వాత పనికొచ్చింది. నేనేం అడగలేకపోయాను. ఆమే చెప్పింది: "భయ్యా, అయినా బంద్ ఉండాలి. ఇప్పుడు తాగినా దాక్కుని తాగుతారు. ముందయితే తాగొచ్చి వీధిలో కొట్టేవాళ్లు."

జైళ్లలో ఉన్నది ఎవరని చూస్తే సుగుణ గారు చెప్పిన గుండు సంగతే. పేదవాళ్లు, దళితులు, ఈబీసీలు అంటే ఇక్కడి అత్యంత వెనకబడిన కులాలవాళ్లు. ఆ చట్టం ముందుచూపు లేకుండా చేశారనీ, హైకోర్టు బెయిల్ పిటిషన్లతో నిండిపోయిందనీ 2021 డిసెంబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ గారు విజయవాడ సభలోనే చెప్పారు.

---

హరిత_గుణదల | మధ్యాహ్నం 12:45

ఇక్కడ అందరూ పెద్దవాళ్లు, నేను 2024లో మొదటిసారి ఓటేశాను. మా ఇంటి సంగతి చెబుతాను, చర్చకు పనికొస్తే తీసుకోండి.

నాన్న పెయింటర్. రోజూ సాయంత్రం క్వార్టర్ పడాలి. 2019లో దశలవారీగా ఆపుతామని, 2024 నాటికి స్టార్ హోటళ్లకే పరిమితం చేస్తామని హామీ వచ్చినప్పుడు అమ్మ మా సందులో ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొని వెళ్లి ఓటేసింది. 175కి 151 వచ్చాయి. ఆ అక్టోబర్ నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, సంఖ్య 4,380 నుంచి 2,934కు తగ్గింది. అమ్మ సంతోషపడింది. 2020 మేలో రేట్లు 75 శాతం పెంచారు, రేటు పెరిగితే మానేస్తారని. నాన్న మానలేదు. అదే క్వార్టరు, ఊరూ పేరూ తెలియని సీసా, దాదాపు రెట్టింపు డబ్బు. ఇంటికొచ్చేది సగమైంది. నా ఇంటర్ ఫీజుకు అమ్మ చెవి దిద్దులు తాకట్టు పెట్టింది, ఇంకా విడిపించలేదు. ఆ మందుకు నాన్నకు కడుపునొప్పి కూడా మొదలైంది. మందు వల్లే అని నేను నిరూపించలేను, అమ్మ మాత్రం అదే నమ్మింది.

2024లో రేటు తగ్గిస్తామన్నవాళ్లకు అమ్మ ఓటేసింది. నేను కోప్పడ్డాను, మందు చవక చేస్తామంటే ఓటేస్తావా అని. ఆమె అంది: "ఎట్లాగూ తాగుతాడు. తక్కువలో తాగితే మిగిలింది నా చేతికొస్తది." ఇప్పుడు 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. రోజుకు వంద పైన మిగులుతోందని ఆమె లెక్క.

సుగుణమ్మ గారి పోస్టు నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. గోడ మీద గీతలు దగ్గరికి రాగానే ఇంకోసారి చదవమంది.

---

రవి_ఒంగోలు | మధ్యాహ్నం 1:30

హరితా, నీ పోస్టుతో నా మొదటి ప్రశ్న తప్పని తెలిసింది తల్లీ. మీ అమ్మగారు 2019లో నీతికి, 2024లో అవసరానికి వేశారని నేననేవాణ్ణి. రెండుసార్లూ వేసింది ఒకే లెక్కతో. 1994లో ఆత్మకూరు ఆవిడదీ అదే లెక్క. పైన పెట్టే పేరు మారింది.

రాజు గారు చెప్పిన మిజోరం అలాంటిది కాదు. అక్కడ నిజంగా నమ్మకమే ఓటేసింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి సంప్రదాయ ఓటు అనడం నా పొరపాటు.

---

లెక్కల_మాస్టారు | మధ్యాహ్నం 2:15

నాదీ దిద్దుకుంటాను. తీసేస్తే ఓటు పోలేదన్నాను. అది ఎందుకు పోలేదో నేను చూడలేదు. సుగుణ గారూ, 1997లో నిషేధం ఎత్తేస్తే వేలం పాటలు ఆపిన ఆడవాళ్లు ఎందుకు ఊరుకున్నారు? దీనికి జవాబు మీ దగ్గరే ఉంటుంది.

---

సుగుణ_పెన్నాతీరం | సాయంత్రం 5:00

ఊరుకోలేదు మాస్టారూ. అడిగే ఓపిక వేరే దాని మీదికి పోయింది.

నిషేధం ఉన్న రెండేళ్లూ మొదట నిజంగా బాగుంది. సాయంత్రాలు ఊరు నెమ్మదిగా ఉండేది. తర్వాత నాటుసారా బట్టీలు అడివిలో లేచాయి. బెల్లం ఊట వాసన వాగు దాటి వచ్చేది. యానాం నుంచి, కర్ణాటక నుంచి సీసాలు వచ్చాయి. పట్టుకోవాల్సినవాళ్లకు మామూళ్లు అందాయి. ఆడవాళ్లు పట్టించి ఇస్తే మర్నాటికి బయటికొచ్చి వీళ్లింటి ముందే తిట్టేవాళ్లు. బియ్యం రేటు పెరిగింది, బస్సు చార్జీలు పెరిగాయి. మందు మీద పోయిన ఆదాయం కోసమే ఇదంతా అని చెప్పారు. మా గీతల గోడ ఆవిడ నన్ను అడిగింది, "అమ్మయ్యా, సారా ఆపించిందానికి మనకేనా జుల్మానా?"

అప్పటికే సారా ఉద్యమంలో తిరిగిన ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టి ఉన్నారు. రోజుకు రూపాయి. పొదుపులక్ష్మి అనేవాళ్లం. నెల్లూరులో మొదలై తర్వాత డ్వాక్రాతో కలిసి రాష్ట్రమంతా పాకింది. వేలం పాటకు లారీలెక్కిన వాళ్లే సంఘం పుస్తకాలు పట్టుకొని బ్యాంకుకు పోయారు. అప్పు వచ్చింది, గేదె వచ్చింది. 1999కి ముందు దీపం గ్యాసు కూడా వచ్చింది. మొగుడి జేబు నుంచి కూలి లాక్కోవడం కంటే తమ చేతికే డబ్బు రావడం తేలిక అనిపించింది వాళ్లకు. నేను తప్పుపట్టను. కానీ ఉద్యమంలో ప్రభుత్వాన్ని అడిగినవాళ్లు సంఘంలో ప్రభుత్వం ఇచ్చేదాని కోసం ఎదురుచూసేవాళ్లయ్యారు. రాజు గారు చెప్పిన చర్చి ఏ పార్టీదీ కాదు. మా సంఘాలకు జెండా లేదన్నమాటే గానీ, ఏ ముఖ్యమంత్రి వస్తే ఆయన సభకు బస్సులెక్కాల్సింది మేమే. అలాంటి చోట నిలబడి మందు ఎందుకు తెరిచారయ్యా అని ఎలా అడుగుతాం?

సూర్యాపేట తమ్ముడూ, నువ్వన్న మాట రాత్రంతా ఆలోచించాను. మా ఉద్యమం సారా మీదే మొదలైంది. కల్లు చెట్టు నరకమని మేం ఎప్పుడూ అనలేదు. కానీ గీసేవాళ్లు ఎట్లా బతకాలని మేం ఒక్క సభలో కూడా మాట్లాడుకోలేదన్నది నిజం. అది మాట్లాడుకోవాల్సింది.

---

సూర్యాపేట_గౌడ్ | సాయంత్రం 5:40

గా ఒక్కమాట చాలు అక్కా. ఇప్పుడు మాకాడ సంగతి వేరే తీరు అయింది. 2023ల తెలంగాణల 2,620 దుకాణాలకు 1.3 లక్షల పైన దరఖాస్తులు వడ్డయి, ఒక్కోదానికి రెండు లక్షల ఫీజు, తిరిగియ్యరు. గంత పైస ముందే వచ్చినంక ఏ సర్కారు నిషేధం మాట ఎత్తుతది? ఏ పార్టీ మేనిఫెస్టోల గూడ కనవడ్తలేదు. ఆడోళ్లు ఇప్పుడు అడిగేది బెల్టు షాపు తియ్యుమని. గదీ అయితలేదు.

---

హరిత_గుణదల | రాత్రి 7:10

సుగుణమ్మ గారూ, అమ్మ అడగమంది. ఆ ఊళ్లో ఇప్పుడు ఎలా ఉంది? ఆ గోడ ఆవిడ ఉన్నారా?

---

సుగుణ_పెన్నాతీరం | రాత్రి 8:25

ఆమె లేదమ్మా, చనిపోయి ఆరేళ్లయింది. ఆ ఇల్లు పడగొట్టి స్లాబు వేశారు. కోడలు ఉంది, సంఘానికి రెండో లీడరు.

పోయిన నెల వెళ్లాను. ఊళ్లో బెల్టు షాపు కిరాణా కొట్టులోనే నడుస్తోంది, పప్పు డబ్బాల వెనక. ఎమ్మార్పీ మీద ముప్పై ఎక్కువ. సంఘం మీటింగులో దాని మీద తీర్మానం రాయాలని కోడలు లేచింది. కొట్టాయన పెళ్లాం కూడా అదే సంఘంలో మెంబరు. ఆమె ఏడ్చింది, కొట్టు మీద తీసిన సంఘం అప్పు ఇంకా డెబ్బై వేలు ఉంది, అది మూస్తే కంతు ఎట్లా కట్టేది అని. ఆ కంతు ఆగితే మిగతా తొమ్మిదిమందికీ కొత్త అప్పు రాదు. రాత్రి పదిన్నర దాకా వాదించుకున్నారు. మినిట్స్ బుక్కులో తేదీ రాసి, హాజరు సంతకాలు పెట్టి, తీర్మానం దగ్గర జాగా వదిలేశారు. మళ్లీ మీటింగ్ అయిదో తారీకు. నేను వెళ్తున్నాను.